ముందు మూట, తర్వాత నేను

ఆ సోమవారం పొద్దున మా బావ బాలనర్సయ్య ఇసుక మూటను తూకం వేయించడానికి వెళ్ళాడు. షూటింగ్ ఉన్న ప్రతిరోజూ చేసే పనే. యూసుఫ్‌గూడలో మా గల్లీ చివర పాత పేపర్లు కొనే దుకాణం ఉంది. అక్కడి కాటా మీద మూట పెట్టి, ఇసుక పోస్తూ తీస్తూ, ఆ రోజు గాలిలోకి లేవాల్సిన ఆర్టిస్టు ఎంత బరువుంటే మూట సరిగ్గా అంత బరువు వచ్చేదాకా నిలబడేవాడు. పదిహేను నిమిషాల పని. ఆ రోజు ముప్పావుగంట పట్టింది.

గల్లీ మొదట్లో యూనిట్ వ్యాన్ హారన్ కొడుతోంది. మా అక్క బాలమణి టిఫిన్ డబ్బా పట్టుకొని గుమ్మంలో నిలబడింది. చివరికి టీవీఎస్ బండి మీద వచ్చాడు.

"ఏంది బావా, ఇసుక మూసీ నుంచి తెచ్చినవా?" అన్నాను.

"మబ్బు జూసుకుంట వచ్చిన." బండి స్టాండ్ వేసి మూటను భుజానికెత్తుకున్నాడు. "కుర్చీల కూసొని రాసేటోనికి మబ్బుతోని ఏం పని గని, నడువు."

ఆకాశం నిజంగానే మబ్బుగా ఉంది. మృగశిర వచ్చి నాలుగు రోజులైంది. ఆ మాట నమ్మాను.

తెర మీద హీరో గాలిలోకి లేచినప్పుడు మనకు కనిపించని తాడు ఒకటి ఉంటుంది. దానికి ఇటు చివర మా బావ ఉండేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని. జూబ్లీ హిల్స్‌లో పెద్ద పెద్ద గేట్ల వెనక ఉండే చాలామందిని ఆయన ఎత్తాడు, దించాడు. మా ఇంట్లో మాత్రం వాళ్ళ పేర్లు వినిపించేవి కావు. కిలోలు వినిపించేవి. "ఇయ్యాల డెబ్భై నాలుగు మస్తు సతాయించిండు", "యాభై తొమ్మిదికి కండ్లు తిరిగినయంట, పాపం" అనేవాడు. పెద్ద హీరోలు బరువు రెండు మూడు కిలోలు తగ్గించి చెబుతారు. మా బావ వాదించేవాడు కాదు. బెల్టు సరిచేస్తున్నట్టు నడుం పట్టుకొని ఒక్క అంగుళం పైకెత్తి చూసి, వెళ్ళి మూటలో ఇంకో రెండు దోసిళ్ళ ఇసుక పోసేవాడు.

ముందు మూట, తర్వాత నేను, తర్వాత ఆర్టిస్టు. అదీ ఆయన పద్ధతి. మూటను మూడుసార్లు లేపి దించాలి. తర్వాత అదే బెల్టు కట్టుకొని తను ఒకసారి వెళ్ళి రావాలి. అప్పుడే ఆర్టిస్టు. ఏ డైరెక్టరు అరిచినా ఈ వరస మారలేదు.

ఆ వరస సినిమాలో నేర్చుకున్నది కాదు. వాళ్ళ నాన్న మెదక్ వైపు నుంచి వచ్చి జూబ్లీ హిల్స్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్ళకు బావులు తవ్వాడు. రాతి కొండ మీద బావి అంటే నెలల పని. రోజూ పొద్దున గిలక మీదుగా ముందు రాయి నింపిన తట్టను దించేవాడట. తాడు తెగకుండా ఆగితే తను దిగేవాడు. తను పైకి వచ్చాకే కూలీలు. ఆ తట్ట వెంట కళ్ళప్పగించి చూస్తూ పెరిగాడు మా బావ. బావులు పోయి బోర్లు వచ్చాయి. తాడు పట్టిన చేతులు ఖాళీ అయ్యాయి. ఫిల్మ్ నగర్‌లో ఎవరో తాడు లాగే మనిషి కావాలన్నారు. "గాడ కిందికి దించెటోళ్లం, గీడ మీదికి లేపుతం. గంతే ఫరక్," అనేవాడు.

నేను చదువుకోవడానికి వచ్చి వాళ్ళ మేడ మీద గదిలో దిగినవాణ్ణి. సినిమాలకు మాటలు రాస్తూ అక్కడే ఉండిపోయాను. కిందటి ఏడాది నాకొక వెబ్ సిరీస్ వచ్చింది. విమానం పుట్టకముందూ, పుట్టిన కొత్తలోనూ ఎగరబోయిన మనుషుల కథలు. కథ చెప్పే అమ్మాయే ఒక్కొక్కరి రెక్కలు కట్టుకొని, వాళ్ళు దూకిన చోటు నుంచి దూకి చూపిస్తుంది. తాడు పనికి బాలనర్సయ్య కావాలని నేనే అడిగాను.

దానికోసం చదివిందంతా సాయంత్రాలు మేడ మీద ఆయనకు చెప్పేవాణ్ణి. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండులో ఒక సన్యాసి రెక్కలు కట్టుకొని గోపురం మీది నుంచి దూకి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడనీ, తోక పెట్టుకోవడం మరిచిపోయానని తర్వాత చెప్పుకున్నాడనీ చెబితే మా బావ నవ్వలేదు.

"తోక సంగతి తర్వాత. మూట ఏసి చూసిండా ముందు?"

"లేదు బావా."

"మరి గదీ."

ఫ్రాన్సులో వేడిగాలి బుడగకు బుట్ట కట్టి, మనుషుల కంటే ముందు గొర్రెనూ బాతునూ కోడినీ ఎక్కించారంటే మాత్రం తొడ చరిచాడు.

"గొర్రెనా! గాళ్లు పనోళ్లురా. ఏమే, ఇన్నవా? మనోళ్లు ఫ్రాన్సుల గూడ ఉన్నరు."

"గొర్రె దిగినంక కోసుకున్నరా లేదా, గది జెప్పు," అంది మా అక్క కింది నుంచి.

పారిస్ దర్జీ కథకు మాత్రం ఆయన ముఖం మాడిపోయింది. ఆ దర్జీ తను కుట్టిన, గొడుగులా విచ్చుకునే గాలి కోటును బొమ్మకు తొడిగి ఇనుప గోపురం మీది నుంచి పడేస్తానని అనుమతి తీసుకున్నాడు. తీరా పైకి వెళ్ళాక తనే తొడుక్కొని దూకి చనిపోయాడు. "బొమ్మ ఉండంగ దుంకిండా? పాగల్ గాడు," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయనకు బాగా నచ్చింది జర్మనీ ఆయన, లిలియెన్‌తాల్. దిబ్బ మీది నుంచి రెక్కలతో రెండు వేల సార్లు ఎగిరి దిగినవాడు. "రెండు వేల సార్లు! గట్ల చెయ్యాలె పని," అన్నాడు మా బావ. అతను రెక్కల ముందు ఒక కొమ్మను విల్లులా వంచి కట్టుకునేవాడనీ, ఒకసారి తలకిందులుగా పడినప్పుడు ఆ విల్లు ముందుగా నేలకు తగిలి అతని ప్రాణం కాపాడిందనీ చెప్పాను. చివరిసారి పడిన రోజు ఆ విల్లు లేదనీ చెప్పాను.

"ఎందుకు లేదు?"

"నేను చదివిన దాంట్లో లేదు బావా."

"అడ్డమనిపిచ్చి ఉంటది," అన్నాడు. "ఎంత మందం కట్టె?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మాట అక్కడితో ఆగింది.

జర్మనీ ఆయన భాగం చివరి భాగం. ఫిల్మ్ నగర్ కొండ మీద, బండరాళ్ళ మధ్య ఖాళీ స్థలంలో నలభై అడుగుల ఇనుప మంచె వేశారు. మంచె మీది నుంచి ఎదుటి బండ దాకా పైన ఉక్కు తీగ. దానికి వేలాడే తాడు మీద అమ్మాయి రెక్కలు విప్పుకొని జారుతూ రావాలి. ఆ అమ్మాయి పేరు స్ఫూర్తి. కాకినాడ పిల్ల. మా ఇంట్లో ఆమె పేరు యాభై రెండు.

శుక్రవారం రిహార్సల్ బాగా జరిగింది. రెక్కలకు వెదురు చట్రం మీద సన్నటి జాలీ గుడ్డ వేశారు. గాలి అందులోంచి వెళ్ళిపోతుంది. మూటకు రెక్కలు కట్టి మూడుసార్లు పంపారు. బావ వెళ్ళాడు. స్ఫూర్తి వెళ్ళింది. దిగి, "అంకుల్, ఇంకోసారి!" అంది.

ఆ సాయంత్రం మానిటర్‌లో చూస్తే జాలీలోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆ కాలం వాళ్ళవి జాలీ రెక్కలు కావు, ఒత్తుగా నేసిన నూలుగుడ్డ అని నేను డైరెక్టర్ రిత్విక్‌తో అన్నాను. అబద్ధంలా ఉంది, మార్చండి అన్నాను. గట్టిగానే అన్నాను. సరే, సోమవారానికి మారుస్తామన్నారు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు. అది గుడ్డకు సంబంధించిన విషయమనే అనుకున్నాను. శనివారం, ఆదివారం బావా నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. ఆదివారం ఇద్దరం ఒకే కంచంలో మక్క గుడాలు తిన్నాం. ఆయనతో ఆ సంగతి అనలేదు.

సోమవారం మధ్యాహ్నం దాకా చిన్న చిన్న షాట్లు తీశారు. కొత్త రెక్కలు రంగు ఆరలేదని వర్క్‌షాపులోనే ఉన్నాయి. మూడున్నరకు వ్యాన్‌లో దిగాయి. ఆ పాటికి గోల్కొండ వైపు ఆకాశం సీసంలా నల్లబడింది. స్ఫూర్తి బెల్టు కట్టుకొని సిద్ధంగా నిలబడింది. ఆమె డేట్స్ ఆ రోజుతో అయిపోతాయని మాకు అప్పుడే తెలిసింది. మర్నాడు పొద్దున్నే వేరే సినిమాకు చెన్నై వెళ్ళాలి.

మా బావ రెక్క మీద అరచెయ్యి పెట్టాడు. గుడ్డను వెనక నుంచి నోటితో ఊది, ఇవతల చెయ్యి పెట్టి చూశాడు. గాలి రాలేదు.

"గిది జాలీ గాదు గద?"

"కాదండీ, కాటన్. రైటర్‌గారే మార్చమన్నారు," అన్నాడు ఆర్ట్ అసిస్టెంటు.

మా బావ తల తిప్పి నావైపు చూశాడు. కోపం లేదు. మూట బరువు తప్పినప్పుడు కాటా ముల్లు వైపు చూసే చూపు అది.

"ఓం, మూట తే. రెక్కలు మూటకు కట్టుర్రి," అన్నాడు తాడు లాగే బృందానికి పెద్ద ఓంప్రకాష్‌తో.

"నర్సయ్యా, ఎంతసేపు?" అన్నాడు రిత్విక్ మానిటర్ దగ్గర నుంచి.

"అర్ధగంట సార్."

"అర్ధగంటలో లైట్ ఉండదు. వర్షం పడుతుంది. ఫ్రైడే టెస్ట్ చేశాం కదా? సేమ్ రిగ్, సేమ్ వెయిట్."

"బరువు గదే సార్. గుడ్డ గది గాదు."

ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బాబూ నర్సయ్యా, మీకు దణ్ణం పెడతానండీ. ఒక్క షాట్. ఈ అమ్మాయి మళ్ళీ దొరకాలంటే నెల పడుతుంది. అప్పటిదాకా ఈ మంచె ఉంటుందా, ఈ కొండ మనకిస్తారా? మీరే చెప్పండి."

"పిల్ల పోతదా నెల పోతదా సార్?"

"అబ్బే, అంత మాటెందుకండీ!"

ఫైట్ మాస్టర్ శ్రీకృష్ణ నింగి వైపూ స్ఫూర్తి వైపూ చూస్తున్నాడు. "మెల్లగా పంపిద్దాం అన్నా. సగం స్పీడ్‌లో. నేను కింద ఉంటా," అన్నాడు.

"నేను రెడీ అంకుల్. ఫ్రైడే వెళ్ళాను కదా, నాకేం భయం లేదు," అంది స్ఫూర్తి. ఒకడు అప్పటికే ఆమె భుజాలకు రెక్కల పట్టీలు బిగిస్తున్నాడు. ఎడమ రెక్క గాలికి కొద్దిగా పైకి లేచింది. ఆమె ఒక అడుగు పక్కకు తూలి నవ్వింది.

మా బావ నవ్వలేదు. వెళ్ళి ఆ పట్టీ విప్పాడు. రెండోదీ విప్పాడు.

"అంకుల్?"

"జర ఆగు బిడ్డా. నేను పోయొస్త. నేను మంచిగొస్తే నువ్వు పో. రాకుంటే ప్యాకప్."

"మూటో?" అన్నాడు ఓంప్రకాష్.

"టైమ్ లేదంటున్నరు గద. ఇయ్యాల నేనే మూట."

ముప్పై ఏళ్ళలో వరస తప్పింది ఆ ఒక్కసారే. అందరూ విన్నారు. నేనూ విన్నాను. పారిస్ దర్జీ గుర్తొచ్చాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. గుడ్డ మార్పించింది నేను, ఇప్పుడు షాట్ ఆపించేదీ నేనేనా అని ఒక సిగ్గు అడ్డం వచ్చింది. నిలబడ్డాను. మంచె మెట్లు ఎక్కబోతూ ఆయన నా దగ్గర ఆగాడు.

"నిన్ననే చెప్పొద్దారా బామ్మర్ది," అన్నాడు, చిన్నగా. తన ఫోను నా జేబులో పెట్టాడు. "అక్క ఫోన్ జేస్తే నేను పనిల ఉన్ననని చెప్పు."

ఎక్కాడు. నలభై అడుగుల పైన రెక్కలు విప్పితే మా బావలా కనిపించలేదు, నేను చదివిన పుస్తకంలోని లిలియెన్‌తాల్ నలుపు తెలుపు ఫోటోలా కనిపించాడు. ఓంప్రకాష్, ఇంకో నలుగురు తాడు పట్టారు. బావ చెయ్యి ఊపాడు. వదిలారు.

మొదట బాగానే వచ్చాడు. మెల్లగా, తల ఎత్తి, తీగ వైపు చూసుకుంటూ పది అడుగులు, పదిహేను అడుగులు. రిత్విక్ పక్కన ఎవరో, "బ్యూటిఫుల్," అన్నారు. అప్పుడు కింద లోయలోంచి, దుర్గం చెరువు వైపు నుంచి గాలి లేచింది. ముందు బండల మధ్య ప్లాస్టిక్ కవర్లు లేచాయి. తర్వాత రెక్కలు నిండాయి.

ఓంప్రకాష్ అరిచాడు. ఆ అరుపు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "బరువు లేదు! చేతుల బరువు లేదు!"

తాడు వదులైంది. ఆయనను మోయాల్సిన తాడు గాలిలో వంకరగా వేలాడుతోంది. ఆయన తాడు కంటే పైన ఉన్నాడు. వేల ఏళ్ళుగా అంతమంది కాళ్ళు విరగ్గొట్టుకొని కోరుకున్నది, ఎన్నడూ కోరుకోని మా బావకు రెండు మూడు క్షణాలు దొరికింది. ఆయన ముఖం నాకు కనిపించలేదు. కాళ్ళు మాత్రం కనిపించాయి. బావిలోకి దిగేవాడు మెట్టు కోసం వెతికినట్టు కింద తడుముకుంటున్నాయి.

గాలి ఆగిపోయింది. వదులైన తాడు ఒక్కసారిగా బిగిసింది. ఆయన గిర్రున తిరిగి వెనక్కి ఊగి, ఛాతీతో మంచె ఇనుప స్తంభానికి కొట్టుకున్నాడు.

బంజారా హిల్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి వాన మొదలైంది. దారిలో నా జేబులో ఆయన ఫోను మోగింది. అక్క. ఎత్తి, "పనిల ఉన్నడక్కా," అన్నాను. ఆయన చెప్పమన్న మాటే చెప్పాను. ఐదున్నరకు డాక్టరు బయటికి వచ్చాడు.

తర్వాత చాలామంది చాలా చెప్పారు. నాకు తోచింది ఒక్కటే. ఆయన పద్ధతి బావిలో పుట్టింది. బావిలో బరువు ఉంటుంది, తాడు ఉంటుంది, గిలక ఉంటుంది. గాలి ఉండదు. వాళ్ళ నాన్న దించిన తట్టకు రెక్కలు లేవు. అయినా ఆయన గుడ్డ మీద చెయ్యి పెట్టగానే కనిపెట్టాడు. ఆ గుడ్డను కోరి తెప్పించిన నేను కనిపెట్టలేదు.

స్ఫూర్తి చెన్నై వెళ్ళలేదు. మూడో రోజు మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడింది. మా అక్క ఆమెను చాలాసేపు చూసింది.

"నువ్వేనా యాభై రెండు?" అంది.

ఆ పిల్లకు అర్థం కాలేదు. తలూపింది. అక్క ఆమెను దగ్గరికి తీసుకొని, "కూసో బిడ్డా. తిన్నవా?" అని అడిగింది.

కర్మకు చేటలు, గంపలు కావాలంటే పదో రోజు నేను బయలుదేరాను. పాత పేపర్ల దుకాణం దాటి కొంచెం పోతే రోడ్డు పక్కన ఒక మేదరామె కూర్చొని బుట్టలల్లుతుంది. ఎప్పుడూ ఆ దారినే పోతాను గాని ఆమెతో మాట్లాడింది లేదు. రెండు చేటలు, ఒక గంప అడిగాను. ఇస్తూ నా ముఖం వైపు చూసింది.

"నువ్వు నర్సన్న బామ్మర్దివి గదా? ఆయన మళ్ల రాకనే పాయె. చెప్పు, ఆయన కట్టె ఎండింది."

"ఏం కట్టె?"

ఆమె వెనక గోడకు ఆనించి ఉన్నదాన్ని తీసింది. వేలెడు లావు వెదురు, విల్లులా వంచి, రెండు కొసలకూ తాడు కట్టి ఉంది. వంపు దగ్గర గోనె గుడ్డ మెత్తగా చుట్టి ఉంది. ఆడపిల్ల ఛాతీ ముందు పట్టేంత వెడల్పు.

"శుక్కురారం రాత్రి చెప్పిపోయిండు. ఎవలో సినిమా పిల్లకంట. సోమారం పొద్దుగాల్నే బండి మీద మూట పెట్టుకొని వచ్చిండు. అర్ధగంట కూసున్నడు, కట్టెను ఒంచి సూసుకుంట. మబ్బులకు ఎండలేదన్నా, ఇంక పచ్చిగనే ఉన్నది, ఒక్క రోజు ఆగు అన్న. సరే అక్కా, రేపొస్త అని పోయిండు."